ఏడో బైటు

లియెపాయా ఊరికి వేడినీళ్లు పంపే బాయిలర్ హౌసులో
రాత్రి డ్యూటీ వెల్గాది.
బాల్టిక్ గాలి కిటికీ సందులో ఈల వేస్తోంది.
తెర మూల ఓ చిన్న పెట్టె:
కొత్త వెర్షన్ వచ్చింది. ఇప్పుడు వేసుకుంటారా, తర్వాతా?

తర్వాత, తర్వాత అని పదకొండు వారాలు నెట్టుకొచ్చింది.
ఈ రాత్రి పంపులు బుద్ధిగా తిరుగుతున్నాయి,
టీ ఇంకా చల్లారలేదు,
సరే అని నొక్కింది.

మార్పుల జాబితా చాంతాడంత.
పాడైన ప్యాకెట్ తగిలితే కుప్పకూలే జబ్బు నయమైందట.
గడియారం ముందుకు జరిపే రాత్రి గంట తప్పే లెక్క సరైందట.
రంగులు మళ్లీ మార్చారు, ఎవరడిగారో.
అట్టడుగున, గిన్నెకి అంటుకున్న మెతుకులా, ఒక్క వాక్యం:
పాత హీటింగ్ కంట్రోలర్ల ప్రోటోకాల్‌లో ఏడో బైటు అర్థమైంది.
నమూనాలు పంపినవారు ఎర్మెలిందా కయుకెయో, వాల్దివియా, చిలీ.

ఏడో బైటు!
తొమ్మిదేళ్లుగా దాని పక్కన ఒకటే మాట, రిజర్వ్‌డ్.
ఎవరూ కూర్చోని, ఎవరినీ కూర్చోనివ్వని బస్సు సీటులా.
ఆరోది ఉష్ణోగ్రత, ఎనిమిదోది పీడనం,
మధ్యలో ఇది, ఊరూ పేరూ చెప్పని ప్రయాణికుడు.
ఒక నెల సున్నా. ఒక నెల ఇరవై.
పోయిన జనవరిలో నలభై ఒకటి.
చలితో కలిపి గీతలు గీసి చూసింది వెల్గా.
చంద్రుడితో కూడా, ఒక్కసారి, సిగ్గుపడుతూనే.
అడుగుదామంటే కంట్రోలర్లు చేసిన కంపెనీ ఏనాడో మూతపడింది,
ఆ షెడ్డులో ఇప్పుడు తివాచీలు అమ్ముతున్నారు.

జనవరి ఫైలు తెరిచింది.
అవే ప్యాకెట్లు, అవే అంకెలు,
పట్టి ఉంచిన మాట పొల్లు పోలేదు.
మారిందల్లా పక్కనున్న పేరు.
ఇన్నేళ్లకి బారసాల జరిగిన బైటు
తెర మీద నిదానంగా చెప్పుకుంది:
చేత్తో తిప్పిన సార్లు.

చేత్తోనా?
ఇక్కడ అన్నీ మోటార్లే తిప్పుతాయి కదా.
ఈసారి రోజులు కాదు, నిమిషాలు చూసింది.
అన్ని వాల్వులకీ సున్నా, పదిహేడో దానికి తప్ప.
ప్రసూతి ఆసుపత్రి వెనక సందు అది,
జనవరిలో మంచు మోకాలి లోతు.
నాలుగూ పది. నాలుగూ పన్నెండు. నాలుగూ ఎనిమిది.
ఆ వేళకి ఊళ్లో మేలుకుని ఉండేది
రొట్టెల బట్టీవాళ్లు, తను,
ఇంకా
సిగరెట్టుకని వెళ్లి అరగంటకి గానీ రాని టాలివాల్డిస్.

సిగరెట్లు మానేసి ఆరేళ్లయిన టాలివాల్డిస్.

నాలుగు కావస్తోంది. అతను కోటు తొడుక్కుంటున్నాడు.
"సిగరెట్టు" అన్నాడు, అలవాటుగా.
"నేనూ వస్తా" అంది.
అతను తెర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు,
రెండో జత చేతి తొడుగులు వెతికి ఇచ్చాడు.

దారిలో అన్నాడు,
"మోటారు సగంలో పట్టేస్తుంది. మూడుసార్లు కాగితం పెట్టాను.
కాగితం తిరగదు. చక్రం తిరుగుతుంది."
అంతే, ఇంకేం చెప్పలేదు.
పై అంతస్తులో ఒక కిటికీ వెలిగి ఉంది,
లోపల ఎవరో పసిగుడ్డు గుక్కపట్టింది.

చక్రం మంచుకి బిగుసుకుపోయింది.
ఒకవైపు అతను, ఒకవైపు ఆమె.
కిర్రుమని కదిలింది, గొట్టంలో నీళ్లు గరగరలాడాయి.

తిరిగొచ్చేసరికి టీ చల్లారిపోయింది.
తెర మీద పద్దెనిమిది, పంతొమ్మిదయింది.
నాలుగు చేతులు పట్టినా
అది ఒకటే లెక్కేసుకుంది.

మరమ్మతు కాగితం నాలుగోసారి రాయడానికి కూర్చుంది వెల్గా,
నలభై ఒకటి అన్న అంకె పైన పెట్టి.
ఆ తర్వాత వాల్దివియాకి రెండు ముక్కలు:
అక్కడ మీకు తిప్పేది ఎవరు?